ఉభయసంకటము, ప్రతిష్టంభనము: సుక్మా సీమను బట్టి ఒక పదవిచారము

ఇరుపక్షములలో ఎవ్వరికిని జయము లేని స్థితిని తెలుపుటకు తెలుగున పదములు, పలుకుబడులు పెక్కు గలవు. వాడుకలో ఒకదాని స్థానమున వేరొకటి వచ్చుచుండుటచే అవి సమానార్థకము లనిపించును. ప్రయోగమును పరిశీలించినచో అవి మూడు వేర్వేరు స్థితులను చెప్పుచున్నవని తేలును. ఈ భేదమును పాటింపనిచో నష్టపడిన వాడెవడో మన మాటలో కానరాకుండ పోవును.

మొదటి వర్గము పోరాడు వారిరువురును చెడు స్థితిని తెలుపును. ఆదిపర్వమందలి సుందోపసుందులు అన్యులచే చావు లేకుండ వరము పొంది, తిలోత్తమ కొరకై ఒకరినొకరు చంపుకొనిరి. సుందోపసుందన్యాయ మనుట దీనినిబట్టియే. విభావసుడు, సుప్రతీకుడు అను అన్నదమ్ములు పాలు పంచుకొనుటలో తగవుపడి, పరస్పరశాపముచే ఒకరు తాబేలును ఒకరు ఏనుగును అయి పోరుచుండగా గరుత్మంతుడు ఇరువురను ఆహారముగా గొనిపోయెను. ఇదియే గజకచ్ఛపముల పోరు. మొదటి కథలో ఇరువురును నశించిరి. రెండవదానిలో ఇరువురును నశింపగా మూడవవానికి లాభము కలిగెను. ఓడినవాడు కోర్టులో ఏడ్వగా గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెనను లోకోక్తియు ఈ వర్గములోనిదే.

రెండవ వర్గమునకు ప్రతిష్టంభనము ముఖ్యమైనది. ప్రతి యను ఉపసర్గ మీద స్తంభ ధాతువు చేరగా, సకారము షకారమై, తకారము టకారమైనది. కదలిక ఆగిపోవుట దీని అర్థము. సంధిచర్చలు, శాసనసభాకార్యక్రమములు నిలిచిపోయినప్పుడు పత్రికలు దీనిని వాడును. ఈ పదము కదలవలసిన రెండు పక్షములను మాత్రమే చూచును. నష్టమును గూర్చి ఏమియు చెప్పదు.

మూడవ వర్గము నడుమ చిక్కినవానిది. సంకటమనగా మొదట ఇరుకు, పిదప ఆపద. రెండు వైపులను ఇరుకైనది ఉభయసంకటము. కరవుమన్న కప్పకు కోపము, విడువుమన్న పాముకు కోపము అనుచోట చిక్కు పాముది కాదు, కప్పది కాదు. నోరు విప్పవలసిన మూడవవానిది. అడకత్తెరలో పోకచెక్క అనుట ఇంకను నిశితమైనది. అడకత్తెర చేతులు రెండును ఎదురెదురుగా కదలును గాని తెగునది పోకచెక్క యొక్కటియే. ఆబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్లు అనుటయు ఇట్టిదే.

ఈ భేదము పాండిత్యవినోదము కాదనుటకు సుక్మా సీమ నిదర్శనము. పూర్వపు బస్తరు సంస్థానములోని ఈ ప్రాంతము 2012లో దంతెవాడ నుండి విడివడి, ఛత్తీస్‌గఢ్‌లో ప్రత్యేక జిల్లా అయినది. దక్షిణమున శబరి యొడ్డున కొంటా కలదు. అచట గోండీ, దోర్లీలతోపాటు తెలుగును వినవచ్చును. 2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో మావోయిస్టులకు ప్రతిగా సల్వాజుడుం మొదలైనది. ఈ గోండీ పేరును దాని సమర్థకులు శాంతియాత్ర యని అనువదించిరి. శుద్ధిచేయు వేట యనుట మూలమునకు దగ్గరయని పరిశోధకులు చెప్పిరి. పేరు మొదలుకొని ఇట పదము వివాదాస్పదమే.

ఊరు విడిచి దోర్నపాల్, ఎర్రబోరు, కొంటా శిబిరములు చేరినవారు మావోయిస్టులకు శత్రువులైరి. ఊరనే నిలిచినవారు రెండవ పక్షమునకు అనుమానితులైరి. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరముపై మావోయిస్టులు దాడిచేసి పలువురను చంపిరి. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, మోర్పల్లి, తిమాపురము గ్రామములలో పోలీసు బలగములు వచ్చిన సమయమున ఇండ్లు దగ్ధమైనవి. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద 25 మంది కేంద్ర రిజర్వు పోలీసులు మరణించిరి. ఆ కేసులో నిర్బంధింపబడిన గిరిజనులలో 121 మందిని 2022 జూలైలో న్యాయస్థానము నిర్దోషులని విడిచినది. అప్పటికి వారిలో పెక్కురు సుమారు ఐదేండ్లు చెరలో నుండిరి.

ఇట్టి కాలమును ప్రతిష్టంభన యన్నచో ఏమియు కదలలేదని అర్థమగును. కదలినవి ఊళ్లు. అడవి దాటి గోదావరీ ప్రాంతమునకు వచ్చినవారిని తెలంగాణలో గొత్తికోయలని వ్యవహరింతురు. షెడ్యూల్డు తెగల పట్టిక రాష్ట్రమువారీగా ఉండుటచే స్వస్థలమందలి హోదా వారి వెంట రాలేదు. ఒక ఇరుకును దాటి వేరొక ఇరుకున పడిరి.

ధర్మసంకటమనుటయు ఇట పొసగదు. రెండు ధర్మములలో ఒకదానిని ఎన్నుకొనవలసిన వాని చిక్కు అది. ఎన్నుకొను స్వేచ్ఛ అందున్నది. రాత్రి తుపాకితో వచ్చినవానికి అన్నము పెట్టినవాడు ఎన్నుకొనలేదు. వాని స్థితిని ధర్మసంకట మన్నచో, మనకు తెలియకయే వానిపై బాధ్యతను మోపినవార మగుదుము. ఉభయసంకటమనుటయే న్యాయము. 2011 జూలై 5న సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తులు బి. సుదర్శన్‌రెడ్డి, ఎస్. ఎస్. నిజ్జర్, చదువు తక్కువైన గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధము లిచ్చుట రాజ్యాంగము 14, 21 అధికరణములకు విరుద్ధమని తీర్పు చెప్పిరి. ఎవరు గెలుచుచున్నారని కాక, నడుమ నిలుపబడినవాని సమానత్వము, ప్రాణము ఏమగుచున్నవని ఆ తీర్పు విచారించినది.

పోరున ఒక పక్షము బలహీనపడినచో ప్రతిష్టంభన తొలగును. 2025లో మావోయిస్టు ప్రధాన కార్యదర్శి నంబాళ కేశవరావు మే 21న, సుక్మా జిల్లా వాడైన మాడ్వి హిడ్మా నవంబరు 18న మరణించిన పిదప ఆ పదము ఇక నప్పదు. కాని అడకత్తెర నోరు తెరచినంతమాత్రమున తెగిన పోకచెక్క అతుకుకొనదు. కావున ఇట్టి స్థితులను వర్ణించువారు పదమును ఎన్నుకొనుటకు ముందు, చెప్పదలచినది పోరువానిని గూర్చియా, నలిగినవానిని గూర్చియా అని విచారింపవలెను. ఆ భేదమును నిలుపుటకు తగిన పదసంపద మన పల్లెపలుకులలోనే కలదు.