'లా' అంటే 'అండీ'

భూటాన్ మన పొరుగు దేశం. హిమాలయ కొండల్లో ఉంది. పైన టిబెట్. మిగతా మూడు పక్కలా మన దేశమే. భూటాన్ చాలా చిన్న దేశం. 2017లో అక్కడ జనాభా లెక్కలు తీశారు. దేశం మొత్తం మీద సుమారు ఏడు లక్షల ముప్పై అయిదు వేల మంది తేలారు. మన విజయవాడ ఒక్క ఊళ్ళోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు.

గుంటూరు దగ్గర పల్లె నుంచి ఒక మిరప రైతు, ఆయన భార్య ఆ దేశం చూడటానికి బయలుదేరారనుకోండి. ఆయన పదో తరగతి దాకా చదివాడు. లారీల్లో మిరపకాయల బస్తాలు వేసుకుని నాగపూర్ దాకా తిరిగినవాడు. అందువల్ల కొంచెం హిందీ వచ్చు. ఆమె చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. కూలీల లెక్క రాస్తుంది. వాళ్ళ వెంట మనమూ వెళ్దాం.

హౌరా దాకా ఒక రైలు. కలకత్తాలోనే సియాల్దా స్టేషనుకు మారి ఇంకో రైలు ఎక్కాలి. హాసిమారాలో దిగాలి. అక్కణ్ణుంచి జైగావ్ దగ్గరే. జైగావ్ మన దేశంలో చివరి ఊరు. అక్కడ రంగురంగుల పెద్ద ద్వారం ఒకటి ఉంది. ద్వారం అవతల ఊరు ఫుంట్‌షోలింగ్. అది భూటాన్.

లోపలికి పోవాలంటే ఓటరు కార్డు గాని పాస్‌పోర్టు గాని చూపించాలి. ఆధార్ కార్డు చెల్లదు. అది ఒక్కటే పట్టుకుపోతే ద్వారం దగ్గరే ఆగిపోవాలి. ఇంకో సంగతి. 2022 సెప్టెంబరు నుంచి మన దేశస్తులు అక్కడ ఉండే ఒక్కో రాత్రికి మనిషికి 1200 రూపాయల రుసుము కట్టాలని నియమం పెట్టారు. వేరే దేశాలవాళ్ళకు ఇంకా ఎక్కువ. జనం తండోపతండాలుగా వచ్చి కొండలు పాడుచేయకూడదని వాళ్ళ ఉద్దేశం. ఇలాంటి నియమాలు మారుతుంటాయి. బయలుదేరే ముందు కనుక్కోవాలి. వాళ్ళ డబ్బు పేరు ఙుల్‌ట్రమ్. ఒక ఙుల్‌ట్రమ్ మన ఒక రూపాయితో సమానం. వాళ్ళ గడియారం మనకన్నా అరగంట ముందు ఉంటుంది.

ద్వారం దాటగానే రైతు ఒక బోర్డు ముందు నిలబడ్డాడు. పైన ఏవో అక్షరాలు. వంకీలు తిరిగి, మధ్య మధ్య చుక్కలు పెట్టి ఉన్నాయి. కింద ఇంగ్లీషు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు గాని సంగతి తెలియలేదు.

"ఏం రాసుందయ్యా?" అని అడిగింది భార్య.

"ఏమో, నాకేం తెలుసు!"

"పది చదివినోడివి గదా!"

రైతుకు సిగ్గేసింది. అటూ ఇటూ చూశాడు. ఎవరినన్నా అడుగుదామంటే నోరు రాలేదు.

"ఇన్నాళ్ళూ మనూళ్ళో నాకిట్టాగే ఉండేది" అంది ఆమె. ఆ మాట ఆమె కోపంగా అనలేదు. నవ్వుతూనే అంది.

ఆ అక్షరాలు జోంగ్‌ఖా భాషవి. 'జోంగ్' అంటే కోట. 'ఖా' అంటే భాష. కోటల్లో మాట్లాడే భాష అని అర్థం. నాలుగు వందల ఏళ్ళ కిందట జబ్‌ద్రుంగ్ నవాంగ్ నామ్‌గ్యాల్ అనే బౌద్ధ గురువు ఆ దేశాన్ని ఒకటి చేశాడు. లోయలోయకూ కోట కట్టించాడు. పునాఖా కోట 1637-38లో కట్టింది. రెండు నదులు కలిసేచోట ఇప్పటికీ నిలిచి ఉంది. కోటలో ఒక పక్క ప్రభుత్వ కచేరీ, ఒక పక్క భిక్షువుల మఠం. ఇప్పటికీ అంతే. 1971లో జోంగ్‌ఖాను జాతీయ భాష చేశారు. వాళ్ళు తమ దేశాన్ని భూటాన్ అనరు. 'డ్రుక్ యుల్' అంటారు. డ్రుక్ అంటే ఉరిమే నాగం లాంటి జంతువు. వాళ్ళ జెండా మీద ఆ బొమ్మే ఉంటుంది.

రెండో రోజు దంపతులు పారో లోయ చేరారు. ఒక రైతు ఇంట్లో బస. తెల్లటి గోడలు, చెక్క కిటికీలు, కిటికీల చుట్టూ పూల బొమ్మలు. గడపలో అడుగు పెట్టగానే ఇంటామె కొద్దిగా వంగి, "కుజు జాంగ్‌పో లా" అంది. మన 'నమస్కారమండీ' లాంటి మాట అది.

ఈ 'లా' గురించి కొంచెం చెప్పుకోవాలి. మనం పెద్దవాళ్ళతో, కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాట చివర 'అండీ' చేరుస్తాం. వాళ్ళు 'లా' చేరుస్తారు. అవును అనటానికి 'ఇన్'. అవునండీ అనాలంటే 'ఇన్ లా'. కాదు అనటానికి 'మెన్'. కాదండీ అంటే 'మెన్ లా'. కృతజ్ఞత చెప్పాలంటే 'కాద్రిన్‌చే లా'. ఇంగ్లీషులో మాట్లాడినా, హిందీలో మాట్లాడినా వాళ్ళకు చివర 'లా' వచ్చేస్తుంది. భూటాన్ పోయినవాళ్ళు ఒక్క మాటే నేర్చుకోదలిస్తే ఈ 'లా' నేర్చుకుంటే మంచిది. పెద్దావిడను 'ఆమా' అని, పెద్దాయనను 'ఆపా' అని పిలుస్తారు. ఆమా అంటే అమ్మే. ఇది మాత్రం మన రైతు భార్యకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఇంటామె టీ ఇచ్చింది. అది మన టీ కాదు. వెన్న, ఉప్పు వేసి చిలికిన 'సూజా'. రైతు ఒక గుక్క తాగి ముఖం పెట్టాడు. టీ అనుకుంటే మింగుడు పడదు, చారు అనుకుంటే బాగుంటుంది.

తర్వాత భోజనం. ఎర్ర బియ్యపు అన్నం. పక్కన 'ఎమా దాచీ'. ఎమా అంటే మిరపకాయ. దాచీ అంటే పాలవిరుగుడుతో చేసిన జున్ను. మిరపకాయలు నిలువునా చీల్చి, జున్నుతో ఉడికిస్తారు. మనకు మిరపకాయ కూరలో వేసే దినుసు. వాళ్ళకు మిరపకాయే కూర. "కారం మాకు కొత్తా? మాది గుంటూరు" అన్నాడు రైతు. నాలుగు ముద్దలు తిన్నాక ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఇంటామె కూతురు కిసుక్కున నవ్వింది. శరదృతువులో పారో వస్తే ఇళ్ళ కప్పులన్నీ ఎర్రగా కనిపిస్తాయి. కప్పుల మీద మిరపకాయలు ఎండబోస్తారు. నిజానికి మిరప ఈ దేశానిదీ కాదు, మన గుంటూరుదీ కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. అయిదు వందల ఏళ్ళ కిందట పోర్చుగీసు ఓడల్లో మన దేశం చేరింది.

మాటల మధ్య కూతురు ఒక సంగతి చెప్పింది. ఆ పిల్ల బడిలో చదివింది. హిందీ కూడా వచ్చు. 2016లో భూటాన్ ప్రభుత్వం మన దేశం నుంచి వచ్చే పచ్చిమిరప దిగుమతి ఆపేసింది. కాయల్లో పురుగుమందు అవశేషాలు మోతాదుకు మించి ఉన్నాయని పరీక్షల్లో తేలింది. అప్పటిదాకా చలికాలమంతా వాళ్ళు తిన్నది మన దేశపు మిరపే. ఆ మాట విని రైతు తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. తను ఎన్నిసార్లు మందు కొట్టిందీ ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది.

"ఇంకొంచెం పెట్టనా?" అన్నట్టు ఇంటామె గరిటె ఎత్తింది. రైతు భార్య "వద్దొద్దు" అంది. ఇంటామె ఊరుకోలేదు. మళ్ళీ గరిటె చాపింది. అక్కడ మర్యాద ఏమిటంటే, పెట్టగానే తీసుకోకూడదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "మేషు మేషు" అనాలి. రెండోసారో మూడోసారో ఒప్పుకోవాలి. అందుకని మొదటి 'వద్దు'ను ఎవరూ నమ్మరు. మన పెళ్ళి పంక్తుల్లో జరిగేదీ ఇదే గదా! భోజనం అయ్యాక 'డోమా' ఇచ్చారు. తమలపాకు, సున్నం, వక్క. మన తాంబూలమే. కాని వక్క పచ్చిది, ఘాటు ఎక్కువ.

"మీ ఇంటిపేరేంది?" అని రైతు అడిగాడు. ఆ ప్రశ్న వాళ్ళకు అర్థం కాలేదు. అక్కడ చాలామందికి ఇంటిపేర్లు లేవు. బిడ్డ పుడితే గుడికి తీసుకుపోతారు. లామా రెండు పేర్లు పెడతాడు. తండ్రి పేరుతో, తాత పేరుతో సంబంధం ఉండదు. కర్మ, సోనమ్, పేమా లాంటి పేర్లు ఆడవాళ్ళకూ ఉంటాయి, మగవాళ్ళకూ ఉంటాయి. ఇల్లు, పొలం ఎక్కువ చోట్ల కూతురికి వస్తాయి. అల్లుడే అత్తారింటికి వస్తాడు. మనం ఇల్లరికం అంటాం. మన దగ్గర ఇల్లరికం అల్లుణ్ణి నలుగురూ ఒక మాట అంటారు. అక్కడ అదే మామూలు పద్ధతి. ఈ సంగతి తెలిశాక రైతు భార్య ఆ ఇంటిని మళ్ళీ ఒకసారి పైనుంచి కిందిదాకా చూసింది.

పొద్దుపోయాక ఇంటామె ఒక పాత నోటుపుస్తకం తెచ్చింది. ఆమె కూడా చిన్నప్పుడు చదువుకోలేదు. భూటాన్‌లో 1992లో వయోజనులకు చదువు చెప్పే కార్యక్రమం మొదలైంది. చేరినవాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళే. 2012లో ఆ కార్యక్రమానికి యునెస్కో బహుమతి వచ్చింది. ఇంటామె ఆ బడిలోనే నేర్చుకుంది. అక్షరాల మీద వేలు పెట్టి గట్టిగా చదివింది.

"క, ఖ, గ, ఙ."

రైతు భార్య ఉలిక్కిపడింది. "చ, ఛ, జ, ఞ" అని తను అందుకుంది. ఇంటామె కళ్ళు పెద్దవి చేసింది. ఇద్దరూ కలిసి "త, థ, ద, న. ప, ఫ, బ, మ" అన్నారు. ఘ, ధ, భ లాంటి ఒత్తులు ఆమెకు లేవు. ట, ఠ, డ వరస కూడా లేదు. మిగతాది ఒకటే వరస. టిబెట్ లిపీ, మన తెలుగు లిపీ పుట్టింది ఒకే బ్రాహ్మీ లిపి నుంచి. అందువల్ల అక్షరాల రూపం మారినా వరస మారలేదు. జోంగ్‌ఖాలో 30 హల్లులు, నాలుగు అచ్చుల గుర్తులు.

మనం పలక మీద దిద్ది వదిలేసిన 'ఙ' వాళ్ళకు రోజూ కావాలి. 'నేను' అనాలంటే 'ఙ'. 'అయిదు' అన్నా 'ఙ'నే, కాస్త గొంతు పెంచి పలుకుతారు. వాళ్ళ చదువులో కష్టం ఇంకొకటి ఉంది. మనం రాసినట్టే పలుకుతాం. వాళ్ళు అలా కాదు. 'డ్రుక్' అనే మాటను దాదాపు 'బ్రుగ్' అని రాస్తారు. ముందు పలకని అక్షరం ఒకటి అదనం. ఇలాంటివి ఎన్నో. ఇంటామె ఎన్ని రాత్రులు కూర్చుని నేర్చుకుందో!

పారో వాళ్ళకు జోంగ్‌ఖా ఇంటి భాష. అందరికీ కాదు. ఆ చిన్న దేశంలోనే ఇరవై దాకా భాషలున్నాయి. తూర్పు జిల్లాల్లో చాంగ్లా మాట్లాడతారు. నడిమి లోయల్లో బుమ్‌తాంగ్‌ఖా. దక్షిణాన నేపాలీ. కొండల మధ్య గోంగ్‌దుక్ అనే భాష ఉన్నట్టు బయటి పండితులకు 1991 దాకా తెలియనే తెలియదు. ఓలే మోన్పా భాష వచ్చినవాళ్ళు కొద్దిమందే మిగిలారు. తూర్పు పల్లె ఆడమనిషి రాత్రిబడికి వస్తే, మొదట తనది కాని భాష నేర్చుకోవాలి. ఆ తర్వాత దాని అక్షరాలు నేర్చుకోవాలి. మన ఏజెన్సీలో కోలామీ, కువి మాట్లాడే ఇళ్ళ పిల్లలు తెలుగు బడిలో పడే కష్టం ఇదే. బళ్ళలో మిగతా పాఠాలు ఇంగ్లీషులో చెబుతారు. మొదట్లో హిందీలో చెప్పేవారు. 1960లలో ఇంగ్లీషుకు మారారు. టీవీ అయితే 1999లోనే వచ్చింది. హిందీ సినిమాలు చూసి హిందీ నేర్చుకున్నవాళ్ళు చాలామంది.

బట్టల సంగతీ ఉంది. మగవాళ్ళు మోకాళ్ళ దాకా వచ్చే 'ఘో' కడతారు. ఆడవాళ్ళు మడమల దాకా 'కిరా' కడతారు. కచేరీకి, బడికి, కోటకు పోవాలంటే ఇవి ఉండాల్సిందే. కోటలోకి పోయే మగవాడు భుజాన 'కబ్నే' అనే ఉత్తరీయం వేసుకోవాలి. మామూలు మనిషిది తెల్లది. రాజుది పసుపు పచ్చది. బయటి దేశాలవాళ్ళకు ఈ నియమం లేదు. ఒళ్ళు నిండా బట్ట ఉంటే చాలు. చీర దివ్యంగా చెల్లుతుంది. టోపీ మాత్రం తీసెయ్యాలి.

ఈ బట్టలు చూడముచ్చటగా ఉంటాయి. కాని వాటి వెనక ఒక బాధ కూడా ఉంది. 1989లో దేశమంతా ఇవే కట్టాలని ఆజ్ఞ వచ్చింది. బళ్ళలో నేపాలీ చెప్పటం ఆపేశారు. దక్షిణాన ఉన్న నేపాలీ భాష వాళ్ళకు ఇది మింగుడు పడలేదు. పౌరసత్వం తగాదా కూడా తోడయింది. 1990లో ఊరేగింపులు, అరెస్టులు జరిగాయి. సుమారు లక్ష మంది దేశం విడిచి నేపాల్‌లో శిబిరాల్లో పడ్డారు. కొందరు అక్కడే పదిహేను, ఇరవై ఏళ్ళు గడిపారు. 2007 చివరి నుంచి ఎక్కువ మందిని అమెరికా, మరికొన్ని దేశాలు తీసుకున్నాయి. యాత్రికులకు ఈ కథ ఎవరూ చెప్పరు. అయినా అదీ ఆ దేశం కథే.

మర్నాడు ఊరి చివర ఒక స్తూపం కనిపించింది. వాళ్ళు 'చోర్టెన్' అంటారు. ముసలివాళ్ళు దాని చుట్టూ తిరుగుతున్నారు. ఎప్పుడూ కుడి చేతి పక్కన స్తూపం ఉండేటట్టు తిరగాలి. మన ప్రదక్షిణం లాగే. గుంటూరు మనుషులకు స్తూపం కొత్త కాదు. అమరావతి పాత పేరు ధాన్యకటకం. కాలచక్రం అనే బౌద్ధ బోధ మొదట అక్కడే జరిగిందని హిమాలయ బౌద్ధుల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతి వచ్చి ఆ బోధ చేశాడు. దూర దూరాల నుంచి భిక్షువులు తరలివచ్చారు. "మాది అమరావతి దగ్గర" అని రైతు హిందీలో చెప్పాడు. ఒక ముసలి భిక్షువు ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

బయలుదేరేటప్పుడు రైతు భార్య తన పుస్తకం ఇంటామెకు ఇచ్చింది. ఆమె తన పేరు జోంగ్‌ఖాలో రాసింది. దాని కింద రైతు భార్య తన పేరు తెలుగులో రాసింది. తర్వాత ఇంకో పుటలో, వెళ్ళేటప్పుడు చెప్పే మాటను కూతురి నోట విని తెలుగు అక్షరాల్లో దించుకుంది. గుమ్మం దగ్గర పుస్తకం చూసి చదివింది.

"లోగ్ జే గే లా."

మళ్ళీ కలుద్దామండీ అని అర్థం.

చదివి చెప్పండి

1. భూటాన్ పోవటానికి ఏ కార్డు కావాలి? మీ ఇంట్లో ఎవరెవరికి ఉంది?

2. "పది చదివినోడివి గదా!" అన్నప్పుడు రైతుకు ఎందుకు సిగ్గేసింది? మీకు అలా ఎప్పుడైనా అనిపించిందా?

3. మీ ఊళ్ళో తెలుగు కాకుండా ఇంకో భాష మాట్లాడేవాళ్ళు ఉన్నారా? వాళ్ళ భాషలో అయిదు మాటలు అడిగి తెలుసుకుని రాయండి.

4. మీ పొలంలో కూరగాయలకు మందు కొట్టిన ఎన్ని రోజులకు కోస్తారు? మందు డబ్బా మీద ఏం రాసి ఉందో చదివి చూడండి.