ఇంటి వాకిట ఓటు హక్కు

1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు ఓటర్ల జాబితా వ్రాయుటకై ఇల్లిల్లు తిరిగిన ఉద్యోగులకు ఒక చిక్కు ఎదురైనది. ఉత్తరాది రాష్ట్రములలో పెక్కుమంది స్త్రీలు స్వంత పేరు చెప్పుటకు సంకోచించి, ఫలానావారి భార్య యనియో, ఫలానావారి కూతురనియో వ్రాయించిరి. అట్టి నమోదు చెల్లదని ఎన్నికల సంఘము నిర్ణయించినది. సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుండి తొలగిపోయినవి.

ఓటు పోలింగు కేంద్రమున గాక, మన ఇంటి వాకిటనే మొదలగునని దీనివలన తెలియుచున్నది. కనుక వాకిటికి వచ్చువారెవరో, వారి అధికారమెంతయో గ్రామస్థులెల్లరు ఎరిగియుండవలెను.

వచ్చువారు రెండు తెగలు. మొదటివారు బూత్ స్థాయి అధికారులు. జాబితాను సరిచూచుట వారి విధి. గుర్తింపు కార్డు చూచి, వారికి నిజమైన వివరములు చెప్పవలెను. 18 ఏండ్లు నిండినవారు ఫారము 6 ద్వారా పేరు చేర్పించుకొనవచ్చును. ఇందుకు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల 1వ తేదీలు ప్రమాణములు.

రెండవవారు పార్టీల కార్యకర్తలు. వారు ఓటు అడుగవచ్చును. సొమ్ము, సారా ఇవ్వరాదు. ఇచ్చుటయే కాదు, పుచ్చుకొనుటయు నేరమే. ఓటు వేయకున్న దైవకోపము తగులునని భయపెట్టుటయు చట్టవిరుద్ధమే. పోలింగు ముగియుటకు ముందు 48 గంటలలో సభలు, ఊరేగింపులు నిషిద్ధములు. పోలింగునాడు కేంద్రమునకు 100 మీటర్ల లోపల ఓటు అడుగరాదు.

తుని ప్రాంతమువారు గమనింపవలసిన విషయమొకటి కలదు. తాండవ నదికి ఈవల తుని, ఆవల పాయకరావుపేట. వర్తకము, బంధుత్వము రెండూళ్ళకును కలిసియే యున్నవి. కాని తుని కాకినాడ జిల్లాలోనిది. పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోనిది. శాసనసభ, లోక్‌సభ నియోజకవర్గములును వేరువేరు. ఏరు దాటి కాపురము మార్చినవారు రెండు గట్లను రెండు ఓట్లు ఉంచుకొనుట 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమునకు విరుద్ధము. అట్టివారు ఫారము 8 నింపి, ఓటును క్రొత్త నివాసమునకు మార్పించుకొనవలెను.

జాబితాలోని పేరుపై ఆక్షేపణకు ఫారము 7 కలదు. మృతులు, ఊరు విడిచినవారు జాబితాలో మిగిలిపోకుండుటకు ఇది అవసరమే. కాని 2019 ఎన్నికలకు ముందు మన రాష్ట్రమున ఇట్టి దరఖాస్తులు లక్షల సంఖ్యలో వచ్చినవి. పెక్కింటిని ఇతరుల పేరు వాడి అక్రమముగా పెట్టిరని ఫిర్యాదులు రాగా, పోలీసు కేసులు నమోదైనవి. అసత్య ప్రకటన చేసినవారికి ఒక సంవత్సరము వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఊరు విడిచెనను కారణముపై పేరు తీసివేయుటకు ముందు ఆ ఓటరు చెప్పుకొనునది వినవలెనని చట్టము శాసించుచున్నది. అన్యాయము జరిగెనని తోచినచో 15 దినములలో జిల్లా మేజిస్ట్రేటుకు అప్పీలు చేసికొనవచ్చును.

కావున మేము చెప్పునది ఇంతియే. ఖాళీ కాగితముపై సంతకము గాని, వేలిముద్ర గాని వేయకుడు. చదువురానివారు నమ్మకమైన వారిచే చదివించుకొని వినుడు. ముసాయిదా జాబితా ప్రకటించినప్పుడు మీ ఇంటివారందరి పేర్లు స్వయముగా చూచుకొనుడు. సందేహమున్న 1950 నంబరుకు ఫోను చేయుడు, లేదా తహసీల్దారు కార్యాలయమున విచారింపుడు. నాడు పేరు చెప్పక ఓటు పోయినది. నేడు పేరు చూచుకొనక పోగొట్టుకొనరాదు.