దంతవైద్యుడనిన బిడ్డకు భయమేల?

పాలపన్ను కదలుట మొదలిడిన నాడు బిడ్డ ఎట్లుండునో మనమందరము చూచినదే. నాలుకతో దానిని త్రోయును, వ్రేలితో ఆడించును, బడిలో తోడిపిల్లలకు నోరు తెరచి చూపును. ఊడిన పంటిని అరచేత పట్టుకొని పరుగున ఇంటికి వచ్చును. కొన్ని ఇండ్లలో అవ్వ దానిని పేడలో చుట్టి ఇంటికప్పు మీదికి విసరుమనును. చిగురునుండి కొంచెము నెత్తురు వచ్చినను బిడ్డ ఏడ్వదు. ఆ బిడ్డయే దంతవైద్యుని గుమ్మము చూడగానే తల్లి కొంగు విడువక కేకలు పెట్టును. నోరు అదే, బిడ్డయు అదే. మరి ఈ భయము ఎక్కడినుండి వచ్చినది?

కొంచెము ఆలోచించినచో కారణము తెలియగలదు. పాలపన్ను ఊడుననునది బిడ్డకు ముందే తెలియును. పెద్దలు దానిని నవ్వుచు చెప్పియున్నారు. కదలించుటయు మానుటయు బిడ్డ చేతిలోని పని. దంతవైద్యుని కడనో, ఏమి జరుగునో తెలియదు; అంతవరకు విన్నవన్నియు బెదరింపు మాటలే; తన చేతిలో ఏమియు లేదు. కనుక భయము పంటియందు లేదు. తెలియకపోవుటయందును, పెద్దల మాటలయందును అది కలదు. మనము నేర్పిన భయమును మనమే మాన్పవచ్చును. పంచాయతీ సభ్యులు ఇందు చేయదగిన పని చాల కలదని చెప్పుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

భయము చేయు కీడు

ఒక గ్రామమున ఏడేండ్ల బాలిక ఉన్నదనుకొందము. ఆమె దవడపంటిలో చిన్న నల్లని చుక్క కనబడినది. నొప్పి లేదు గనుక ఇంటివారు పట్టించుకొనలేదు. కొన్ని నెలలకు చల్లని నీరు త్రాగినపుడు పన్ను జివ్వుమన్నది. వైద్యునికి చూపింతమన్నచో బాలిక ఏడ్చినది. తల్లి లవంగము నూరి పెట్టినది. నొప్పి తగ్గినది, మాట మరుగున పడినది. మరికొంత కాలమునకు ఒక రాత్రి నొప్పి లేచి, దవడ వాచి, జ్వరము వచ్చినది. తెల్లవారగానే నిద్ర లేని బిడ్డను బలవంతముగా ఎత్తుకొని పట్టణమునకు పోయిరి. అప్పటికి పన్ను తీయుట తప్ప మార్గము లేకపోయినది. దంతవైద్యుని గూర్చి ఆమె మనస్సున నిలిచిన మొదటి జ్ఞాపకము నొప్పి, వాపు, తన్ను కదలనీయక పట్టుకొన్న చేతులు. ఇక ఆమె మరల ఆ గుమ్మము త్రొక్కుటకు ఇష్టపడునా?

భయము వలన ఆలస్యము, ఆలస్యము వలన నొప్పి, నొప్పి వలన మరింత భయము. ఈ చక్రము తనంతట తాను ఆగదు. నొప్పి లేనపుడే బిడ్డను దంతవైద్యునికి చూపుట ఒక్కటే దీనిని ఆపు ఉపాయము.

ఇందు మరియొక నష్టము కలదు. బిడ్డకు పాలదంతములు 20. అవి సుమారు ఆరవ నెలలో మొలచుట మొదలిడి, రెండున్నర, మూడేండ్ల నాటికి పూర్తియగును. ఆరేండ్ల ప్రాయమున ఈ పాలదంతముల వెనుక, ఏ పన్నును ఊడకయే, పైదవడలో రెండును క్రిందిదవడలో రెండును పెద్ద దంతములు మొలచును. ఇవి శాశ్వత దంతములు. పాలపన్ను ఊడినగాని క్రొత్తది రాదని తలచు తల్లిదండ్రులు వీనిని గూడ పాలపండ్లే అనుకొని, ‘ఊడిపోవునవే గదా’ అని విడిచిపెట్టుదురు. పైన చెప్పిన బాలిక పోగొట్టుకొన్నది అట్టి పన్నే అయినచో, దాని స్థానమున మరియొకటి ఎన్నటికిని మొలవదు.

పాలపంటిని సైతము ఉపేక్షింపరాదు. అది వేళకు ముందే పోయినచో ప్రక్కనున్నవి ఒరిగి, తరువాత మొలవవలసిన పంటికి చోటు చాలకుండ పోవును. పన్ను నొచ్చు బిడ్డ సరిగా నమలలేదు, రాత్రి నిద్రపోలేదు, బడిలో పాఠముపై మనస్సు నిలుపలేదు.

భయము పుట్టు చోట్లు

మొదటిది మన బెదరింపు. “అల్లరి చేశావంటే సూది పొడిపిస్తాను”, “అన్నం తినకపోతే డాక్టరు చేత పన్ను పీకిస్తాను” అను మాటలు మన ఇండ్లలో నిత్యము వినబడునవే. చెప్పినవారు మరునిమిషమే మరచిపోవుదురు, బిడ్డ మరువదు. బూచి వలె చూపిన మనుష్యుని యొద్దకే బిడ్డను ఒకనాడు తీసికొనిపోయి నోరు తెరువుమన్నచో, అది భయపడుటలో తప్పేమున్నది?

రెండవది పెద్దల జ్ఞాపకములు. మత్తుమందు అందుబాటులో లేని కాలమున పన్ను తీయించుకొనుట నిజముగనే ఘోరమైన బాధ. తాత చెప్పు కథలో అబద్ధము లేదు. అయితే కాలము మారినది. ఈనాడు దంతవైద్యులు విరివిగా వాడు లిడోకెయిన్ అను మత్తుమందు 1943లో స్వీడన్ దేశమున తయారై, 1948 నుండి అమ్మకమునకు వచ్చినది. అది పనిచేయు చోట బిడ్డకు ఒత్తిడి తెలియునే గాని నొప్పి అంతగా తెలియదు.

మూడవది మూఢనమ్మకము. పైపన్ను తీయించినచో కంటిచూపు పోవునని పలువురు నమ్ముదురు. పంటికిని చూపునకును అట్టి సంబంధము లేదు. పిప్పిపంటిలో పురుగులున్నవని చెప్పి, పొగపట్టి వానిని రాల్చి చూపువారు గూడ కలరు. పన్ను పుచ్చుటకు కారణము పురుగు గాదు. నోటిలో నిలిచిన తీపిపదార్థములనుండి కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటి పైపొరను క్రమముగా కరగించును. పంటిలోనుండి తీసితిమని చూపు పురుగు వట్టి మోసము.

నాలుగవది సిగ్గు. ఉమ్మడి నల్గొండ జిల్లాలోను, ప్రకాశం జిల్లాలోను భూగర్భజలములందు ఫ్లోరైడు అధికముగా నున్న గ్రామములు కలవు. అట్టి నీరు త్రాగి పెరిగిన బిడ్డల పండ్లపై గోధుమరంగు చారలు ఏర్పడును. తోటివారి ఎగతాళికి జంకి ఆ బిడ్డలు నోరు తెరచుటకే ఇష్టపడరు. ఇది పండ్లు తోముకొనకపోవుట వలన వచ్చినది కాదనియు, ఇందు వారి తప్పు లేదనియు బడిలో అందరికిని చెప్పవలెను.

వైద్యుని గదిలో ఏమి జరుగును?

బిడ్డకు చెప్పుటకు ముందు మనము తెలిసికొనవలెను. ఆ గదిలో పైకి లేచి క్రిందికి దిగు కుర్చీ యుండును, తలపైన దీపముండును. వైద్యుడు చిన్న అద్దమును నోటిలో పెట్టి పండ్లను లెక్కించును. నొప్పి లేని బిడ్డకు మొదటిసారి జరుగునది సాధారణముగా ఇంతమాత్రమే. క్రొత్తగా మొలచిన దవడపంటిపై నుండు సన్నని గాడులలో తిండి నిలువకుండ అవసరమైనచో పలుచని పూత పూయుదురు. దానికి సూదితో పనిలేదు. వేళకు చూపినవారికి కలుగు లాభమిది.

బిడ్డల యెడల వైద్యులు అనుసరించు పద్ధతి యొకటి ప్రసిద్ధము. ఆడెల్‌స్టన్ అను దంతవైద్యుడు 1959లో దీనిని వివరించెను. ముందు చెప్పవలెను, పిదప చూపవలెను, అటుపిమ్మటనే చేయవలెను. నీరు చిమ్ము గొట్టమును బిడ్డకు చూపి, ముందు దాని అరచేతిపై చిమ్మి, తరువాత నోటిలో చిమ్ముదురు. తెలిసిన వస్తువు బెదరింపదు. “ఆపమనాలంటే ఎడమచెయ్యి ఎత్తు” అని వైద్యుడు ముందే చెప్పి, చేయి ఎత్తగానే ఆపినచో బిడ్డకు ధైర్యము కలుగును. పాలపంటిని తానే కదలించుకొన్న నాటి స్వాతంత్ర్యము కొంత తిరిగి దానికి దక్కును.

తల్లిదండ్రులకు చెప్పవలసిన మాటలు

వైద్యుని పేరు చెప్పి బిడ్డను బెదరింపరాదు. సూది, పీకుట, కోయుట అను మాటలను బిడ్డ యెదుట ఎత్తరాదు. అట్లని అబద్ధమును ఆడరాదు. “అసలు ఏమీ నొప్పి ఉండదు” అని చెప్పిన పిమ్మట కొంచెము నొచ్చినను, బిడ్డ ఇక మన మాట నమ్మదు. “డాక్టరుగారు నీ పళ్లు లెక్కపెడతారు. ఏం చేసేదీ ముందే చెబుతారు. నేను పక్కనే ఉంటాను” అన్నచో చాలును. సంతకు పోవుచున్నామని మాయచేసి తీసికొనిపోరాదు.

ఉదయవేళ, బిడ్డ నిద్ర తీరి, ఆకలి లేక యున్నపుడు పోవుట మేలు. తల్లి భయము బిడ్డకు తెలియును. మిక్కిలి భయపడు తల్లికి బదులు తండ్రియో అవ్వయో వెంట పోవచ్చును. తిరిగి వచ్చిన తరువాత మిఠాయి కొనిపెట్టుటకన్న, “నోరు బాగా తెరిచావు” అని చేసిన పనిని మెచ్చుకొనుట మంచిది. మత్తుమందు ఇచ్చినచో పెదవికి తిమ్మిరి తీరువరకు బిడ్డ దానిని కొరుకుకొనకుండ చూడవలెను.

అన్నిటికన్న ముఖ్యమైన అభ్యాసము ఇంటిలోనే కలదు. ఏడెనిమిదేండ్లు వచ్చువరకు బిడ్డ పండ్లను పెద్దలే తోమవలెను. ఉదయము ఒకసారి, రాత్రి పడుకొనబోవు ముందు ఒకసారి. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆపైన బఠాణీగింజంత ఫ్లోరైడు పేస్టు చాలును. బొగ్గుపొడి, ఇటుకపొడి పండ్లను అరగదీయును. ప్రతిదినము తల్లిచేయి నోటిలో పెట్టించుకొను బిడ్డకు వైద్యుని చేయి అంత క్రొత్తగా తోచదు. మొదటి పన్ను మొలచిన పిమ్మట, ఏడాది నిండులోపల ఒకసారి చూపుట మంచిదని శిశుదంతవైద్యులు చెప్పుదురు.

పంచాయతీ చేయదగిన పని

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము ఒకటి. స్త్రీ శిశు అభివృద్ధి మరియొకటి. కనుక బిడ్డల దంతముల సంగతి మనకు సంబంధింపనిది కాదు. దీనికి పెద్ద మొత్తము ధనముతో పనిలేదు, శ్రద్ధ కావలెను.

మొదట, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమును వినియోగించుకొనవలెను. దీని క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వచ్చి బిడ్డలను పరీక్షింపవలెను. పరీక్షింపవలసిన లోపములలో పిప్పిపండ్లును చేరియున్నవి. బృందము వచ్చు తేదీని ముందుగా తెలిసికొని దండోరా వేయించి, ఏ బిడ్డయు తప్పిపోకుండ చూడవలెను. పైఆసుపత్రికి పొమ్మని వ్రాసియిచ్చిన బిడ్డల జాబితాను ఆశా కార్యకర్త వద్ద ఉంచి, ఎవరు పోయిరి, ఎవరు పోలేదు అని గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘ సమావేశమున విచారింపవలెను. చీటీ ఇంటిలో నుండిపోయినచో పరీక్ష చేసిన ఫలము లేదు.

రెండవది, ఏ ఆసుపత్రిలో దంతవైద్యుడు ఏ దినములందు ఉండునో విచారించి పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములందు దంతవైద్యుడు సాధారణముగా ఉండడు; సామాజిక ఆరోగ్య కేంద్రమునందో, ప్రాంతీయ ఆసుపత్రియందో, జిల్లా ఆసుపత్రియందో విచారింపవలెను. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు.

మూడవది, దంతవైద్యుని ఒకనాడు బడికి ఆహ్వానింపవలెను. ఆనాడు చికిత్స యేదియు వలదు. ఆయన అద్దము మాత్రము తెచ్చి పండ్లు లెక్కించి, బిడ్డలతో మాటలాడి పోవలెను. అంగన్‌వాడీలో చిన్నబిడ్డలచేత బొమ్మకు పండ్లు లెక్కించు ఆట ఆడింపవచ్చును. ఒక చెంచా, ఒక చిన్న అద్దము చాలును.

నాలుగవది, బిడ్డలను ఒంటరిగా గాక జట్టుగా పంపుట. ఆటోనో వ్యానునో కుదిర్చి, పదిమందిని కలిపి పంపినచో ఖర్చు తగ్గును, ధైర్యము పెరుగును. అందు నొప్పి లేనివారును, ఒకసారి పోయి వచ్చినవారును ముందు కూర్చుండవలెను. వారు నవ్వుచు లేచివచ్చుట చూచిన బిడ్డకు మన ఉపన్యాసము అక్కరలేదు. ముఖము వాచియో, జ్వరముతోనో యున్న బిడ్డను మాత్రము జట్టుకొరకు ఆపక వెంటనే పంపవలెను.

చివరిది, మన నడవడి. గ్రామమున పంచాయతీ సభ్యుని ఇల్లు పదిమంది చూచు ఇల్లు. ఏండ్ల తరబడి పన్ను నొచ్చుచున్నను భయమువలన ఓర్చుకొనుచున్న పెద్దలు మనలోను ఉందురు. ముందు మనమే ఆ కుర్చీలో కూర్చుండి, మన బిడ్డలను, మనుమలను ప్రక్కన నిలిపి చూపుదము. మరుదినమున రచ్చబండ కడ, “నిన్న పళ్లు చూపించుకొని వచ్చాను, ఇంతే సంగతి” అని చెప్పుదము. ఆ మాట వీధివీధికి చేరును.

పాలపన్ను ఊడినపుడు నవ్విన బిడ్డ దంతవైద్యుని యెదుట నవ్వలేకపోదు. ఏమి జరుగునో ముందు చెప్పవలెను, నిజము చెప్పవలెను, నొప్పి రాకముందే తీసికొనిపోవలెను. రాబోవు వేసవి సెలవులలోపల మీ గ్రామమున ఆరేండ్లు నిండిన బిడ్డలెందరో లెక్క వేయించి, వారి క్రొత్త దవడపండ్లను ఒకసారి పరీక్ష చేయింపుడు. మొదటి అడుగు దానితో వేసినట్లగును.