ఆగస్టు 20: దోమ గుట్టు బయటపడిన దినము

పంచాంగమున ప్రతి దినమునకును తిథి, వారము, నక్షత్రము కలవు. చరిత్రను తిరుగవేసినచో ప్రతి తేదికిని ఏదో యొక విశేషము కానవచ్చును. ఈ మాసము మనము ఆగస్టు 20వ తేదిని తీసికొని పరిశీలింతము. వేర్వేరు దేశములలో, వేర్వేరు సంవత్సరములలో ఈ తేదినాడు జరిగిన సంగతులలో నాలుగింటిని ఇచట ముచ్చటించుచున్నాము. వానిలో మూడు చలిజ్వరముతో, అనగా మలేరియాతో, సంబంధము గలవి. నాలుగవది లెక్కకు సంబంధించినది. ముఖ్యమైన సంగతి మన సికింద్రాబాదుననే జరిగినది. పంచాయతీ సభ్యులకు ఈ పాఠము కాలక్షేపము మాత్రమే కాదు. వానకాలమున గ్రామములో జరుగవలసిన పని యేదియో ఇది తెలుపును.

మలేరియా అను మాటకు ఇటలీ భాషలో "చెడుగాలి" యని అర్థము. బురదనేలలనుండి లేచు విషపుగాలియే ఈ జ్వరమునకు కారణమని ప్రజలు శతాబ్దములపాటు నమ్మియుండిరి. 1880లో అల్జీరియా దేశమున లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తములో ఈ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవిని చూచెను. అయినను అది ఒకరి రక్తమునుండి మరియొకరి రక్తములోనికి ఎట్లు చేరుచున్నదో తెలియకుండెను. దోమకు ఇందులో పాత్ర యుండవచ్చునని లండనులో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఊహించి, 1894లో ఆ విషయమును రోనాల్డ్ రాస్‌కు బోధించెను.

రాస్ 1857లో హిమాలయ ప్రాంతమైన అల్మోరాలో జన్మించెను. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరెను. 1895లో సికింద్రాబాదులో పనిచేయుచు దోమలను కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షింప నారంభించెను. రెండేండ్లు శ్రమించినను ఫలితము కానరాలేదు. అతనికి దొరకిన దోమలు ఈ వ్యాధిని మోయు జాతివి కాకపోవుటయే అందులకు కారణము. 1897 ఆగస్టులో అతని సహాయకులు తెచ్చిన దోమపిల్లలనుండి మచ్చల రెక్కలుగల వేరొక జాతి దోమలు వెలువడెను. ఆగస్టు 16న వానిచేత హుస్సేన్ ఖాన్ అను రోగిని కుట్టించిరి. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పిరి. నాలుగు దినముల పిమ్మట, ఆగస్టు 20న, అట్టి దోమ నొకదానిని కోయగా దాని కడుపు గోడలో నల్లని రేణువులుగల కణములు కనబడెను. ఆ రేణువులు మలేరియా క్రిమికి గుర్తు. మరునాడు మరియొక దోమను కోసి చూడగా ఆ కణములు మరింత పెద్దవై యుండెను. రోగి రక్తముతోపాటు లోపలికి పోయిన క్రిమి దోమ కడుపులో చావక పెరుగుచున్నదని తేలెను.

మరుసటి యేట రాస్ కలకత్తాలో పక్షులకు వచ్చు మలేరియాను పరిశీలించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు మూలమున మరియొక పక్షికి సోకుచున్నదని నిరూపించెను. ఆ 1898లోనే ఇటలీ శాస్త్రజ్ఞులు మనుష్యుల విషయమునను ఇది సత్యమని చూపిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను. బేగంపేటలో రాస్ పరిశోధనకు గుర్తుగా ఆయన పేర ఒక భవనము కలదు. ఏటేట ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు.

ఇక రెండవ సంగతి. 1858 ఆగస్టు 20న లండనులోని లిన్నేయన్ సొసైటీ పత్రికలో చార్లెస్ డార్విన్, ఆల్ఫ్రెడ్ వాలెస్ అను ఇరువురి రచనలు కలిసి అచ్చుపడెను. ప్రాణులలో పరిస్థితులకు తట్టుకొనునవి మిగిలి సంతానమును పెంచును, తట్టుకొనలేనివి అంతరించును, తరతరములకు జాతి మారుచుండును, ఇదియే వారి సిద్ధాంతము. ఇందులో వింత యేమనగా, ఆ యేటి ఆరంభమున తూర్పు ఇండియా దీవులలో చలిజ్వరముతో పడకపై నుండగా వాలెస్‌కు ఈ యాలోచన తట్టెను. ఈ సిద్ధాంతమునకు మన గ్రామములలోని దోమతో గల సంబంధమును ముందు చూడగలము.

మూడవది. 1915 ఆగస్టు 20న జర్మనీలో పాల్ ఎర్లిక్ అను శాస్త్రజ్ఞుడు మరణించెను. శరీరమునకు హాని చేయక క్రిమిని మాత్రమే చంపు రసాయనమును కనుగొనవచ్చునని నమ్మి, జీవితకాలము కృషి చేసిన మహనీయుడాయన. 1891లో మిథిలీన్ బ్లూ అను నీలిరంగు ద్రవ్యమును ఇద్దరు మలేరియా రోగులకు మందుగా ఇచ్చి చూచెను. ప్రయోగశాలలో తయారైన రసాయనము మలేరియాకు మందుగా ఉపయోగపడగలదని అప్పుడు తెలిసెను.

నాలుగవది విషాదకరమైనది. 1672 ఆగస్టు 20న హాలండు దేశపు హేగ్ నగరమున యోహాన్ డి విట్ అను రాజ్యనేతను, ఆయన సోదరుని, ఒక అల్లరిమూక చంపివేసెను. ఫ్రెంచి సేనలు దేశముపై దండెత్తుటచే ప్రజలు ఆగ్రహించియున్న కాలమది. డి విట్ గొప్ప గణితవేత్త. ఆ కాలమున ప్రభుత్వము ప్రజలనుండి ఒకేమారు సొమ్ము తీసికొని, వారు బ్రతికియున్నంతకాలము ఏటేట కొంత చెల్లించు పద్ధతి యుండెను. ఏ వయస్సువానికి ఎంత చెల్లించిన న్యాయమో, మరణము సంభవించు అవకాశములను లెక్కకట్టి, 1671లో ఆయన నిర్ణయించి చూపెను. ప్రజల జీవనమరణములను గూర్చి ఊహలు మాని లెక్కలు వేయవలెనను పద్ధతికి ఆద్యులలో నాయన యొకడు.

రాస్ గూడ ఇట్టి లెక్కనే మలేరియాకు వర్తింపజేసెను. ఉన్న దోమల నన్నిటిని చంపుట అసాధ్యము గనుక దోమల నివారణ వ్యర్థమని ఆనాడు పలువురు వాదించిరి. అన్నిటిని చంప నక్కరలేదనియు, దోమల సంఖ్య ఒక మేరకు దిగువకు తగ్గినచో రోగము తనంతట తాను క్షీణించుననియు రాస్ గణితముచే చూపి, 1910లో మలేరియా నివారణను గూర్చి గ్రంథము ప్రకటించెను.

దీనిని సులభమైన లెక్కతో తెలిసికొందము. ఒక గ్రామమున 100 మంది రోగులున్నారనుకొందము. వారినుండి దోమల మూలమున 120 మందికి సోకినచో, రెండవ విడత 144 మందికి సోకును. పది విడతలకు ఆ సంఖ్య 619 అగును. దోమలు తగ్గి, 100 మందినుండి 80 మందికే సోకినచో, రెండవ విడత 64; పదవ విడతకు సుమారు 11 మాత్రమే. 120కిని 80కిని నడుమనున్న భేదము కొలదియే; ఫలితములోని భేదము ఎంతయో. అయితే 80 వద్ద నున్న లెక్కను మన యలసత్వముచే మరల 120 కానిచ్చినచో, తగ్గిన రోగము తిరిగి పెరుగును.

మన దేశ చరిత్రయే ఇందులకు నిదర్శనము. 1947లో దేశమున ఏటా 7.5 కోట్లమందికి మలేరియా వచ్చుచుండెననియు, 8 లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము ప్రారంభమయ్యెను. ఇండ్ల గోడలపై డి.డి.టి. చల్లిరి. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగెను. అంతట పట్టు సడలెను. డి.డి.టి.కి తట్టుకొన్న దోమలు మిగిలి, వాని సంతానము వృద్ధి చెందెను. డార్విన్, వాలెస్‌లు చెప్పిన సిద్ధాంతము మన యిండ్ల గోడలపైననే నిజమయ్యెను. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలకు చేరెను. తరువాత మరల కృషి సాగి వ్యాధి ఎంతయో తగ్గినది. అయినను మన్యపు గ్రామములలో దీని భయము పూర్తిగా తీరలేదు.

పంచాయతీ సభ్యులు చేయవలసినది ఏమి? 1993లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఆరోగ్యమును, పారిశుద్ధ్యమును చేర్చినది. కావున ఇది మన పనియే.

మొదటిది నీరు. దోమ గ్రుడ్డు నీటిలో పొదిగి, పిల్లయై, రెక్కలు వచ్చి ఎగురుటకు వారము మొదలు పదిదినములకు పైగా పట్టును. అందుచే వారమున కొకమారు నిలువ నీటిని పారబోసి, తొట్లను ఆరబెట్టినచో ఆ తరము నీటిలోనే నశించును. మలేరియా దోమ గుంటలలోను, నెమ్మదిగా పారు కాలువలలోను గ్రుడ్లు పెట్టును. డెంగ్యూ దోమ ఇంటి తొట్లలోను, పాత టైర్లలోను, కొబ్బరిచిప్పలలోను పెట్టును. వార్డు సభ్యుడు తన వార్డులోని నీటిగుంటల జాబితా వ్రాసికొనవలెను. పూడ్చిన వానిని అందులో కొట్టివేయుచుండవలెను.

రెండవది రక్తపరీక్ష. జ్వరము వచ్చిన వానిని ఆలస్యము చేయక ఆశా కార్యకర్త కడకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో పంపవలెను. జ్వరము దిగినదని మాత్రలను నడుమ మానుట తగదు. మందు పూర్తిగా వాడని రోగి రక్తములో మిగిలిన క్రిమి, దోమకు మరల ఆహారముతోపాటు అందును.

మూడవది లెక్క. ఏ వీధిలో, ఏ వారమున, ఎందరికి జ్వరము వచ్చినదో పుస్తకములో వ్రాయించి, పంచాయతీ సమావేశమున చదివించవలెను. సంఖ్య తగ్గిన మాసముననే ఎక్కువ జాగ్రత్త అవసరము. 1965 తరువాత దేశమునకు కలిగిన అనుభవము చెప్పునది ఇదియే.

ఈ యేడు ఆగస్టు 20న మీ సభ్యులందరు ఒక్క గంట కలిసి గ్రామము చుట్టివచ్చి, నీరు నిలిచిన తావుల నెంచి చూడుడు. సికింద్రాబాదులో నాడు తెలిసిన సత్యము మన గ్రామమునకు ఫలించుట ఆ లెక్కతో మొదలగును.