చిన్న కెమెరాకు పెద్ద సెన్సర్

బొంగులూరు,
ఇబ్రహీంపట్నం మండలం.

బిడ్డా,

జేబులో పట్టే కెమెరా కొనాలని ఉందనీ, 16 మెగాపిక్సెళ్లది తీసుకోవాలా 20 మెగాపిక్సెళ్లదా అన్నది తేలడం లేదనీ రాశావు. దుకాణంలో ముందుగా చెప్పే లెక్క అదే కాబట్టి కొనేవాళ్ల చూపు అక్కడే ఆగిపోతుంది. ఆ రెండు కెమెరాల్లోనూ వెలుగును పట్టే సెన్సర్ ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్న సంగతి వివరాల కాగితంలో ఎక్కడో అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది. కాగితాన్ని అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలి.

మామూలు కాంపాక్ట్ కెమెరాల్లో ఏళ్ల తరబడి పెట్టింది 1/2.3 అంగుళం రకం సెన్సర్. దాని అసలు కొలత దాదాపు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. అంటే 28 చదరపు మిల్లీమీటర్లు. ‘ఒక అంగుళం’ రకం 13.2 × 8.8, వైశాల్యం 116. ఏపీఎస్-సీ సుమారు 23.5 × 15.6, వైశాల్యం 366. పెళ్లి ఫొటోగ్రాఫర్లు వాడే ఫుల్ ఫ్రేమ్ 36 × 24, వైశాల్యం 864. ఈ అంగుళాల పేర్లను మాత్రం నమ్ముకోవద్దు. అవి పాతకాలపు టీవీ కెమెరాల గాజు గొట్టాల బయటి వ్యాసాన్ని బట్టి వచ్చినవి. ‘ఒక అంగుళం’ సెన్సర్‌ను మూల నుంచి మూలకు కొలిచినా 16 మిల్లీమీటర్లు దాటదు. కాబట్టి ఎవరినైనా మిల్లీమీటర్లే అడుగు.

వైశాల్యం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మన దగ్గర ఫొటో తీయాలనిపించే ఘడియలు ఎక్కువగా పొద్దుగూకాకే వస్తాయి. బతుకమ్మనే తీసుకో. బొంగులూరులోనైనా ఇబ్రహీంపట్నంలోనైనా ఆడవాళ్లు బతుకమ్మలు తీసుకొని కదిలేది సాయంత్రం. ఆట ఊపందుకునేసరికి చీకటి పడుతుంది. వెలుగంతా వీధి దీపాలది, ఫ్లడ్ లైట్లది. చప్పట్లు కొడుతూ వంగి లేచే చేతులు చెదరకుండా రావాలంటే షట్టర్ స్పీడ్ కనీసం 1/125 సెకను ఉండాలి. ఆ వెలుతురులో ఎఫ్/2 లెన్సు పెట్టినా (ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుగు రానిస్తుంది), తక్కువ వెలుగును పెంచి చూపే ఐఎస్ఓ 1600కో అంతకు పైకో పోక తప్పదు. అక్కడే చిన్న సెన్సర్ చేతులెత్తేస్తుంది. నీడల్లో రంగురంగుల చుక్కలు లేస్తాయి. వాటిని తుడిచేయబోయి కెమెరా గునుగు పూల నూగునూ, చీర అంచు జరీనీ కూడా తుడిచేస్తుంది. తంగేడు పూల వరుస పసుపు ముద్దలా మిగులుతుంది.

ఆ చుక్కలు యంత్రం లోపం వల్ల మాత్రమే వచ్చేవి కావు. కాంతి స్వభావమే అది. వాన మొదలైనప్పుడు వాకిట్లో తాండూరు బండల మీద పడే తొలి చినుకుల్ని లెక్కపెడితే, చిన్న బండల్లో ఒకదాని మీద నాలుగు, పక్కదాని మీద తొమ్మిది ఉంటాయి. పెద్ద బండల మధ్య అంత తేడా కనపడదు. కాంతి కణాలూ అలాగే ఎడాపెడా పడతాయి. ఒకచోట సగటున 100 కణాలు పడితే హెచ్చుతగ్గు సుమారు 10 ఉంటుంది, అంటే నూటికి పది. 10,000 పడితే హెచ్చుతగ్గు 100, అంటే నూటికి ఒకటే. ఎంత గొప్ప కంపెనీ చేసిన సెన్సరైనా ఈ లెక్కను దాటలేదు. ఎక్కువ కాంతిని పట్టుకోవడం ఒక్కటే దారి.

ఒకే ఎఫ్ నంబరు, ఒకే షట్టర్ స్పీడ్ పెట్టినప్పుడు ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా పడే వెలుగు ఏ కెమెరాలోనైనా సమానమే. సెన్సర్ నాలుగింతలైతే పోగయ్యే వెలుగూ నాలుగింతలవుతుంది. 28 నుంచి 116కు పోవడమంటే ఇంచుమించు అదే. చిన్న సెన్సర్ ఐఎస్ఓ 800 దగ్గర ఇచ్చే శుభ్రత, ఒక అంగుళం రకంలో 3200 దగ్గర దొరుకుతుంది. ఏపీఎస్-సీ అయితే 13 ఇంతలు.

ఈ సంగతి మన ప్రాంతంలో ఫొటోగ్రఫీకి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ పెద్ద పెద్ద గాజు పలకల మీద చిత్రాలు తీశాడు. 8 × 10 అంగుళాల పలక వైశాల్యం 51,600 చదరపు మిల్లీమీటర్లు. ఆయన పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నూరేళ్లు దాటినా ఆ చిత్రాల్లో తలపాగా మడతలు లెక్కపెట్టగలగడానికి ఆ వైశాల్యమూ ఒక కారణం.

డిజిటల్ కాంపాక్ట్‌లు మాత్రం చాలాకాలం దీనికి ఎదురు నడిచాయి. 2006లో ఫ్యూజీఫిల్మ్ ఎఫ్30 అనే చిన్న కెమెరా తెచ్చింది. మెగాపిక్సెళ్లు ఆరే. కానీ సెన్సర్ 1/1.7 అంగుళం రకం, అంటే సాటి కెమెరాల కంటే పెద్దది. చీకట్లో దాని ఫొటోలు చూసినవాళ్లు ఈనాటికీ దాన్ని మెచ్చుకుంటారు. అయినా అంగట్లో పోటీ మెగాపిక్సెళ్లదే కావడంతో, 2007లో అదే వరుసలో వచ్చిన ఎఫ్50ఎఫ్‌డీ 12 మెగాపిక్సెళ్లకు ఎగబాకింది. ఆ పోటీలో పోగొట్టుకున్నది మామూలు కొనుగోలుదారే.

మలుపు తిప్పింది సిగ్మా డీపీ1. 2006లో ప్రకటించి, 2008లో అమ్మకానికి పెట్టారు. గుప్పిట్లో పట్టే పెట్టెలో 20.7 × 13.8 మిల్లీమీటర్ల సెన్సర్. లెన్సు ఎఫ్/4 కావడం, ఫైలు రాసుకోవడానికి చాలా సేపు పట్టడం వల్ల అది జనంలోకి పోలేదు. పెద్ద సెన్సర్ చిన్న కెమెరాలో ఇముడుతుందని మాత్రం నిరూపించింది. 2011లో మార్కెట్లోకి వచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 ఏపీఎస్-సీ సెన్సర్‌కు ఎఫ్/2 లెన్సు జోడించింది. 2012లో సోనీ ఆర్ఎక్స్100 ఒక అంగుళం సెన్సర్‌ను, జూమ్ లెన్సుతో సహా, 240 గ్రాముల్లో కూర్చింది. 2013లో రికో జీఆర్ ఏపీఎస్-సీ సెన్సర్‌ను 245 గ్రాముల్లో ఇరికించింది. ‘పెద్ద సెన్సర్ కావాలంటే మెడకు బరువు తప్పదు’ అన్న మాట ఆ రెండేళ్లలోనే చెల్లకుండా పోయింది.

అయితే లెన్సును మరిచి సెన్సర్ ఒక్కదాన్నే చూస్తే మళ్లీ మోసపోతావు. మొదటి ఆర్ఎక్స్100 లెన్సు వెడల్పు చివర ఎఫ్/1.8, జూమ్ చివరకు పోయేసరికి ఎఫ్/4.9. 2011 నాటి ఒలింపస్ ఎక్స్‌జెడ్-1 సెన్సర్ అందులో సగం కూడా లేదు. కానీ దాని లెన్సు జూమ్ చివర కూడా ఎఫ్/2.5. అంటే దూరంగా ఉన్న ముఖాన్ని దగ్గరకు లాగి తీసేటప్పుడు చిన్న సెన్సర్ ఉన్న ఒలింపస్సే ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది. సోనీకి ఆ సంగతి తెలుసు. 2014లో ఆర్ఎక్స్100 మూడో రకంలో జూమ్‌ను ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 100 నుంచి 70 మిల్లీమీటర్లకు తగ్గించుకొని, చివర ఎఫ్/2.8 ఇచ్చింది. మంచి బేరం అది.

జూమ్ ఎందుకు తగ్గించుకోవాల్సి వచ్చిందంటే, సెన్సర్ వైశాల్యం నాలుగింతలైతే అదే దృశ్యాన్ని అదే ఎఫ్ నంబరుతో పట్టే లెన్సు పొడవూ వెడల్పూ రెండింతలు కావాలి. గాజు ఘనపరిమాణం ఎనిమిదింతలవుతుంది. అందుకే ఇబ్రహీంపట్నం చెరువు గట్టున నిలబడి, నీళ్ల మధ్యలో ఉన్న కొంగను పట్టపగలు తీయాలన్న వాళ్లకు చిన్న సెన్సరే సాయం. 2018 నాటి నికాన్ పీ1000 ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 3000 మిల్లీమీటర్లంత దూరం చూడగలిగింది 1/2.3 అంగుళం సెన్సర్ వల్లనే. అలా చూసినా బరువు 1.4 కిలోలు. సూర్యుడు దిగాక దాని పని అయిపోయినట్టే.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని స్నేహితులు అనవచ్చు. ఫోన్లు గబగబా చాలా ఫొటోలు తీసి వాటిని కలిపి చుక్కలను తగ్గిస్తాయి. గుడి గోపురం లాంటి కదలని వాటికి అది బాగా పనిచేస్తుంది. తిరుగుతూ ఆడే వాళ్లను తీస్తే ఒక ఫొటోకీ మరొక ఫొటోకీ చేతులు కలవవు, వేళ్లు అలుక్కుపోతాయి. పైగా ఫోన్ కంపెనీలే సెన్సర్లను పెంచుకుంటూ వస్తున్నాయి. 2022లో షావోమీ 12ఎస్ అల్ట్రా ఫోన్‌లో ఒక అంగుళం రకం సెన్సర్ పెట్టింది. లెక్కలతోనే అన్నీ సర్దుకునే పనైతే అంత ఖర్చు పెట్టేవాళ్లు కాదు.

ఇక నువ్వు అడిగిన మెగాపిక్సెళ్లు. పెళ్లిళ్లలో వేసే 12 × 36 కరిజ్మా ఆల్బమ్‌లో ఒక పక్క పేజీ 12 × 18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ వేస్తే 5400 × 3600 పిక్సెళ్లు కావాలి. ఆర్ఎక్స్100 ఇచ్చేది 5472 × 3648. అంటే 20 మెగాపిక్సెళ్లకు ఆల్బమ్ పేజీ నిండుతుంది, ఇంట్లో గోడకు అంతకంటే తక్కువైనా సరిపోతుంది. అదే 20 మెగాపిక్సెళ్లను 28 చదరపు మిల్లీమీటర్లలో కుక్కినప్పుడు ఒక్కో పిక్సెల్ వెడల్పు 1.2 మైక్రాన్లే. వెలుగు ఎఫ్/2.8 రంధ్రం దాటాక దాదాపు 3.8 మైక్రాన్ల చుక్కగా పరుచుకుంటుంది. ఆ అదనపు పిక్సెళ్లు చాలావరకు అదే మసకను మళ్లీ మళ్లీ కొలుస్తుంటాయి.

నీకున్న డబ్బుల్లో కొత్తది దొరక్కపోతే, ఒక అంగుళం సెన్సర్ ఉన్న పాత కెమెరా సెకండ్ హ్యాండ్‌లో తీసుకో. కొత్తగా వచ్చే 1/2.3 అంగుళం కెమెరా కంటే అదే మేలు. దుకాణానికి సొంత మెమరీ కార్డు పట్టుకుపో. వెలుతురు తక్కువ ఉన్న మూలలో ఒక మనిషిని నిలబెట్టి, ఐఎస్ఓ 1600, 3200 పెట్టి, కెమెరా ఏదీ తుడిచేయకుండా దాచే రా ఫైల్‌లో, జూమ్ రెండు చివరలా తీయి. అక్కడి చిన్న తెర మీద చూసి తేల్చుకోకు. ఇంటికొచ్చి కంప్యూటర్ మీద పెద్దది చేసి, జుట్టు పోగులు విడిగా కనిపిస్తున్నాయో లేదో చూడు. ఆ ఫైళ్లు ఇక్కడికి కూడా పంపించు. చూసి, ఏది కొనాలో కలిసి తేలుద్దాం. అప్పటిదాకా డబ్బు కట్టకు.

ఆశీస్సులతో,
పెద్దనాయన