మర్రిగూడ ప్రాంతంలో పెంపుడు కుక్కల ఆరోగ్యం – తాగునీటి ప్రాధాన్యం

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ మండలం భూగర్భ జలాలలో అధిక ఫ్లోరైడ్‌కు, తద్వారా మనుషులలో ఏర్పడిన ఎముకల వైకల్యాలకు దశాబ్దాలుగా పేరుపడింది. మిషన్ భగీరథ ద్వారా శుద్ధి చేసిన నీరు ఇంటికి చేరినప్పటికీ, పెంపుడు జంతువుల గిన్నెలో బోరునీరే పోస్తున్నట్లయితే వాటికి ముప్పు తొలగినట్లు కాదు.

కారణాలు: ఈ ప్రాంతపు గ్రానైటు శిలలలోని ఖనిజాల నుండి ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. మనుషుల తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. మించరాదని, వేరే వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు తెలుపుతున్నాయి. శరీరంలో చేరిన ఫ్లోరైడ్ కొంత మూత్రం ద్వారా వెలువడగా, మిగిలినది ఎముకలలో, ఏర్పడుతున్న దంతాలలో నిలుస్తుంది. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ తొలగదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది.

లక్షణాలు: కుక్కపిల్లలలో శాశ్వత దంతాలు సుమారు 3 నుండి 7 నెలల వయస్సులో వస్తాయి. వాటి ఎనామిల్ అంతకు ముందే ఏర్పడుతుంది గనుక తొలి నెలలలో తాగే నీరు కీలకం. రెండు వైపుల దంతాలపై సమానంగా సుద్ద మచ్చలు, గోధుమరంగు చారలు, గుంటలు కనిపిస్తే ఫ్లోరోసిస్‌ను అనుమానించాలి. అయితే డిస్టెంపర్ వ్యాధి సోకిన పిల్లలలోనూ ఎనామిల్ దెబ్బతింటుంది. అదే విధంగా కుంటడానికి పాదంలో ముల్లు, కీళ్ల నొప్పి, పిడుదుల ద్వారా వచ్చే జ్వరాలు కూడా కారణం కావచ్చు. కాబట్టి వ్యాధి చరిత్ర, నీటి పరీక్ష, అవసరమైతే ఎక్స్‌రే ఆధారంగానే పశువైద్యుడు నిర్ధారించాలి.

సంరక్షణ: ఎముకలలో చేరిన ఫ్లోరైడ్‌ను వెంటనే తొలగించే ఔషధం లేదు, నివారణే ప్రధానం.

• తాగడానికి, అన్నం వండడానికి శుద్ధి చేసిన నీటినే వాడాలి. పిల్లలకు పాలిచ్చే తల్లికీ, ఎదిగే పిల్లలకూ మొదటి ప్రాధాన్యమివ్వాలి.
• బోరునీటిని ప్రయోగశాలలో పరీక్షింపజేయాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వాడే నల్లగొండ పద్ధతిని నీటి పరీక్ష ఫలితాన్ని బట్టి, సాంకేతిక పర్యవేక్షణలో మాత్రమే అనుసరించాలి.
• డిస్టెంపర్, పార్వో టీకాలను 6–8 వారాల వయస్సులో ప్రారంభించి, 16 వారాలు నిండేవరకు 3–4 వారాలకొకసారి వేయించాలి. రేబిస్ టీకాను 3 నెలల వయస్సులో, తిరిగి ఏడాదికి వేయించి, తరువాత వైద్యుని సలహా ప్రకారం కొనసాగించాలి.
• నట్టల మందును, పిడుదుల నివారణ మందును వయస్సు, బరువును అనుసరించి వైద్యుని సలహాపై ఇవ్వాలి.
• నొప్పికి మనుషుల మాత్రలు ఇవ్వరాదు. పారాసిటమాల్ పిల్లులకు ప్రాణాంతకం.
• కుక్క కరిచిన గాయాన్ని సబ్బు, నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే వైద్యశాలకు వెళ్లాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు ఇంటి నీటి నమూనాను సేకరించేటప్పుడు కుటుంబం తాగే బిందెతోపాటు జంతువులు తాగే గిన్నె, తొట్టి నీటిని కూడా పరిశీలించాలి. ఆ రెండింటికీ నీరు ఒకే వనరు నుండి రానిచోట, కుటుంబం సురక్షితంగా ఉన్నా జంతువులకు ప్రమాదం కొనసాగుతూనే ఉంటుంది.