పంపే ముందు ఒక్కసారి చూడండి

రోగి గుట్టు మన నోట జారకపోయినా, ఈ-మెయిల్‌లో జారిపోవచ్చు.

2015 సెప్టెంబరులో లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్ తన వార్తాలేఖను దాదాపు 780 మందికి పంపింది. వారిలో ఎక్కువమంది హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు. చిరునామాలను 'బి.సి.సి.'లో పెట్టవలసింది, పొరపాటున 'టు'లో పెట్టారు. అందరి చిరునామాలూ అందరికీ కనిపించాయి. చాలావాటిలో పూర్తి పేర్లే ఉన్నాయి. 2016లో ఆ ఆసుపత్రి ట్రస్టుకు 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. కానీ బయటపడిన గుట్టు మళ్లీ దాగదు.

మన దేశంలోనూ హెచ్.ఐ.వి. సమాచారాన్ని గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది.

మనం పాటించవలసినవి:

1. ఉత్తరమంతా రాశాకే చిరునామా రాయండి. రెండక్షరాలు కొట్టగానే కంప్యూటరు చూపే పేరును నమ్మకండి.

2. పలువురు రోగులకు ఒకేసారి పంపితే 'బి.సి.సి.' వాడండి.

3. 'సబ్జెక్టు' వరుసలో రోగి పేరు, జబ్బు పేరు రాయకండి.

4. తప్పు జరిగితే దాచకండి. బయటివారికి చేరిన మెయిలు సాధారణంగా వెనక్కి రాదు. వెంటనే పై అధికారికి చెప్పండి. అందుకున్నవారిని చెరిపేయమని కోరండి. రోగికి తెలిపి క్షమాపణ చెప్పండి.

మన సిగ్గు నాలుగు రోజుల్లో పోతుంది. మనం ఊరుకుంటే నష్టపోయేది రోగి.

ఆలోచించండి: నిన్న మీరు పంపిన మెయిలు పొరుగింటివారికి చేరి ఉంటే, ఎవరు తల దించుకోవలసి వచ్చేది?